‘గౌరికి ఒక్క పెయ్యదూడ కావాలి’

గుండ్లకమ్మ పక్క పల్లె నుంచి ముప్ఫై ఒక్కేళ్ల రైతు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. హైదరాబాద్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసి, రెండేళ్ల కిందట మానేసి ఇంటికి వచ్చేశారు. కొట్టంలో మూడు ఒంగోలు ఆవులు, రెండు గేదెలు ఉన్నాయి. పెద్దావు పేరు గౌరి, పదకొండేళ్లది. తాతగారి కాలం నుంచి ఆ ఇంట్లో సాగుతున్న సంతతిలో మిగిలింది అదొక్కటే. మిగతా రెండూ సంతలో కొన్నవి.

గౌరి ఐదు ఈతలు ఈనింది. మొదటి ఈత పెయ్యదూడ, పాలు మరవకముందే పోయింది. తర్వాత నాలుగూ కోడెలే. రెండో ఈత కోడెను నాన్నగారు ఊళ్లో చెన్నకేశవస్వామి గుడి పేరిట ఆబోతుగా వదిలారు. మిగతా మూడింటినీ బండలాగుడు పోటీలకు తయారుచేసేవాళ్లు మంచి ధర ఇచ్చి తోలుకుపోయారు. పదహారు నెలల కిందట ఐదో ఈతలో మాయ పడలేదు. ఊళ్లో ఒకాయన చేత్తో లాగి తీశాడు, ఈయన ఆవును పట్టుకుని నిలబడ్డారు. అప్పటి నుంచి గౌరి సరిగ్గా ఇరవై ఒక్క రోజులకోసారి ఎదకు వస్తూనే ఉంది. ఐదుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి నిలవలేదు. చివరిది వేయించి పన్నెండు రోజులైంది.

ఈ మధ్య ఒక ప్రైవేటు ఏజెంటు వచ్చి, ఐవీఎఫ్‌తో, అంటే ప్రయోగశాలలో పిండాన్ని తయారుచేసి, గౌరి సంతానాన్ని వేరే ఆవుల కడుపున పుట్టిస్తామనీ, లక్షా అరవై వేలు కడితే నాలుగు చూళ్లు గ్యారంటీ అనీ చెప్పాడు. అద్దె గర్భాలకు నాలుగు జెర్సీ సంకర ఆవులు ఈయనే కొనుక్కోవాలట. బ్రెజిల్‌లో 40 కోట్లు పలికిన ఒంగోలు ఆవు వీడియో ఫోన్‌లో చూపించాడు. భార్య నగలు తాకట్టు పెడదామని ఈయన ఆలోచన. ‘దాని కడుపులో మిషన్లు పెట్టొద్దు, ఆబోతుకు దాటిద్దాం’ అంటారు నాన్నగారు. మాటా మాటా పెరిగింది. ఇరవై రోజులుగా ఆయన కొడుకుతో మాట్లాడటం లేదు, రాత్రిళ్లు కొట్టంలోనే మంచం వేసుకుంటున్నారు. గౌరిని అమ్మేసి రెండు ముర్రా గేదెలు తెచ్చుకుందామని భార్య అంటున్నారు. ‘నాకు గౌరికి ఒక్క పెయ్యదూడ కావాలి మేడమ్. ఏం చేయమంటారు?’ అని అడిగారు.

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇది ఐవీఎఫ్ గురించిన ప్రశ్న అనిపించింది. రెండోసారి చదివితే మీ ముగ్గురి బాధలూ వేర్వేరని అర్థమైంది. మీకు సంతతి తెగిపోతుందని దిగులు. నాన్నగారికి గౌరి ఒంటికి ఏమవుతుందోనని భయం. మీ ఆవిడకు ఇల్లు ఎలా గడుస్తుందోనని టెన్షన్. మూడూ న్యాయమైనవే. అయితే ముగ్గురూ ఒక సంగతి దాటేసి వాదించుకుంటున్నారు. గౌరి ఎందుకు చూడి కట్టడం లేదో ఇప్పటిదాకా ఎవరూ పరీక్ష చేసి చూడలేదు.

మాయ పడకపోవడం, దాన్ని చేత్తో లాగడం, ఆ తర్వాత ఎద సక్రమంగా వస్తున్నా చూడి నిలవకపోవడం. ఈ వరస పశువైద్యురాలిగా నా సర్వీసులో ఎన్నో కొట్టాల్లో చూశాను. మూడుసార్లకు మించి సూది వేయించినా కట్టని పశువును మనం తిరగపొర్లుతోందంటాం. దానికి కారణాలు చాలా ఉన్నా, గౌరి విషయంలో నేను మొదట అనుమానించేది గర్భకోశంలో మిగిలిపోయిన చీమునే. లాగినప్పుడు మాయ ముక్కలు లోపల ఉండిపోతాయి, గర్భకోశం లోపలి పొర చిరుగుతుంది. పైకి జ్వరం ఉండదు, మేత మానదు, ఆవు నిక్షేపంగా కనిపిస్తుంది. పిండం అతుక్కోవాల్సిన చోటు మాత్రం పుండై ఉంటుంది.

దీన్ని మీరే కొంత పసిగట్టవచ్చు. ఈసారి ఎదకు వచ్చినప్పుడు తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని వెళ్లి, అది వేసే తీగను, అంటే జిగురు ద్రవాన్ని, అరచేతిలోకి తీసుకుని చూడండి. చేతికి తొడుగు మాత్రం వేసుకోండి. బాగున్న ఆవు తీగ కోడిగుడ్డు తెల్లసొనలా, తేటగా, సాగదీస్తే తెగకుండా ఉంటుంది. అందులో తెల్లటి నూకల్లాంటివి కనిపించినా, రంగు మసకగా ఉన్నా లోపల చీము ఉన్నట్టే. తేటగా కనిపించినంత మాత్రాన అంతా బాగున్నట్టూ కాదు. ఆసుపత్రిలో ఆ తీగకు అంతే కొలత కాస్టిక్ సోడా ద్రావణం కలిపి పరీక్షనాళికలో వేడి చేస్తారు. పసుపు రంగుకు తిరిగితే కంటికి కనబడని చీము ఉందని అర్థం. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఐదు సూదులకు ముందు ఒక్కసారైనా ఈ పరీక్ష జరిగి ఉండాల్సింది. దాంతోపాటు తీగను కల్చర్‌కు పంపమనండి, ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లగలిగితే అండాశయాలు, గర్భకోశం ఏ స్థితిలో ఉన్నాయో అక్కడే తేలిపోతుంది.

ఇంకో రక్తపరీక్ష ఉంది, దాన్ని మాత్రం వాయిదా వేయకండి. మాయ పడకపోవడానికి ఈసుకుపోయే రోగం, అంటే బ్రూసెల్లోసిస్, ఒక కారణం. ఇది పశువు నుంచి మనిషికి కూడా వస్తుంది. ఆ రోజు మాయ లాగిన ఆయనకు గానీ మీకు గానీ ఈ పదహారు నెలల్లో వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పులు, కీళ్ల నొప్పులు ఉంటే డాక్టరుకు ఈ సంగతంతా చెప్పి పరీక్ష చేయించుకోండి. పాలు కాచకుండా ఎవరూ తాగొద్దు. గౌరికి ఆ రోగం ఉందని తేలితే నేను కింద రాసేవన్నీ పక్కన పెట్టాల్సిందే. అప్పుడు ఆబోతూ వద్దు, ఐవీఎఫ్ కూడా వద్దు. ముందు దాన్ని వేరుగా కట్టి, మిగతా పశువులన్నింటికీ పరీక్ష చేయించాలి.

లేదని తేలిందనుకుందాం. అప్పుడు మీ ముందున్న దారుల్లో అన్నిటికన్నా చవకైనది వైద్యం చేయించి, రెండు ఎదలు ఖాళీగా వదిలి, మూడో ఎదకు మళ్లీ సూది వేయించడం. పదకొండేళ్లంటే ఒంగోలు ఆవుకు మరీ ముసలితనం కాదు. కాకపోతే వయసూ ఉంది, గర్భకోశానికి దెబ్బా తగిలింది కాబట్టి, తప్పకుండా కడుతుందని ఎవరూ మాటివ్వలేరు.

సూది వేయించేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. ఒంగోలు ఆవులు జెర్సీ ఆవుల్లా ఊరంతా వినబడేలా అరవవు. వీటిలో మూగ ఎద ఎక్కువ, ఎండాకాలంలో ఎద లక్షణాలు రాత్రిపూటే కనిపించి తెల్లారేసరికి తగ్గిపోతాయి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం వేయించాలన్నది పాత లెక్కే అయినా ఇప్పటికీ చెల్లుతుంది. మీరు ఉదయం పాలు పోసి వచ్చాక చూసి ఫోన్ చేస్తే అప్పటికే సమయం దాటిపోతుండవచ్చు. రెండోది, వచ్చినాయన వీర్యం స్ట్రాను ఎందులో తెచ్చారు? అది మైనస్ 196 డిగ్రీల నత్రజనిలో ఉండాల్సిన వస్తువు. క్యాన్‌లోంచి తీశాక 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి, తుడిచి, వెంటనే వేయాలి. ఐస్ ఫ్లాస్కులో పెట్టుకుని నాలుగూళ్లు తిరిగి వచ్చిన స్ట్రాలో బతికున్న కణాలు ఎన్ని ఉంటాయో చెప్పలేం. మీ ఐదు సూదుల్లో ఎన్ని అలా వచ్చాయో గుర్తు తెచ్చుకోండి. చీము లేదని తేలితే మొదట ఇక్కడే వెతకాలి.

పెయ్యదూడే కావాలన్నారు కదా, ఇప్పుడు పెయ్యలనే పుట్టించే వీర్యం దొరుకుతోంది. ఆడదూడనిచ్చే వీర్యకణంలో డీఎన్‌ఏ దాదాపు 4 శాతం ఎక్కువ ఉంటుంది. ఆ తేడాను యంత్రంతో పట్టుకుని కణాలను వేరుచేస్తారు. పది దూడల్లో తొమ్మిది పెయ్యలే పుడతాయి. ఈ వీర్యం చాలాకాలం విదేశీ కంపెనీల యంత్రాలతోనే తయారయ్యేది. 2024 అక్టోబరులో ‘గౌసార్ట్’ పేరుతో మన దేశంలోనే తయారైన పద్ధతి వచ్చింది, ధరలు దిగుతున్నాయి. అయినా గౌరికి మొదటి ప్రయత్నంలోనే దీన్ని వాడమని చెప్పను. మామూలు స్ట్రాలో సుమారు రెండు కోట్ల కణాలుంటే ఇందులో ఇరవై లక్షలే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పడ్డల్లోనే చూడి శాతం కాస్త తగ్గుతుంది, దెబ్బతిన్న గర్భకోశంలో ఇంకా తగ్గుతుంది. అసలు కడుతుందో లేదో ముందు మామూలు ఒంగోలు వీర్యంతో తేల్చుకుంటే మంచిది. కోడె పుడితే పుట్టనివ్వండి. ఒంగోలు జాతిలో కోడె పుట్టడం నష్టం కాదని మీ ఇంట్లో అమ్ముడైన మూడు కోడెలే చెబుతున్నాయి.

ఇప్పుడు నాన్నగారి మాటకు వస్తాను. ఆబోతుకు దాటిద్దామనడంలో అర్థం లేకపోలేదు. ఆవు ఎదకు వచ్చిన సమయం మనకన్నా ఆబోతుకే బాగా తెలుస్తుంది. సహజంగా దాటించడం వెనకబాటుతనం కూడా కాదు. ప్రపంచంలో అతి ఖరీదైన పశువుల్లో థరోబ్రెడ్ రేసు గుర్రాలుంటాయి. సహజంగా దాటించగా పుట్టిన పిల్లనే ఈనాటికీ వాటి రిజిస్టర్‌లోకి ఎక్కిస్తారు. సూదినీ, ఒక తల్లి పిండాన్ని వేరే తల్లి కడుపున పెట్టే పిండమార్పిడినీ ఒప్పుకోరు. వేరే గుర్రాల్లో అది జరుగుతూనే ఉంది. 2023లో బికనీర్ అశ్వ పరిశోధన కేంద్రంలో మార్వారీ గుర్రప్పిల్ల పిండమార్పిడితో పుట్టింది. ఏ పద్ధతి వాడాలో ఆ జాతి వాళ్ల అవసరాన్ని బట్టి తేల్చుకుంటారు.

కానీ తమ్ముడూ, మీ ఊరి ఆబోతు గౌరి కన్నబిడ్డ. మీరే ఉత్తరం రెండో పేజీలో రాసి, నాలుగో పేజీకి వచ్చేసరికి మరిచిపోయారు. కోపంలో నాన్నగారూ మరిచిపోయి ఉంటారు. తల్లినీ కొడుకునూ కలిపితే పుట్టే దూడలో దాగున్న లోపాలు బయటపడే ప్రమాదం చాలా ఎక్కువ. బలహీనమైన దూడలు, ఎదగని దూడలు పుడతాయి. అదీగాక గౌరి గర్భకోశంలో నిజంగా జబ్బు ఉంటే, అది ఆబోతుకు అంటుకుని దాని ద్వారా ఊరి ఆవులన్నింటికీ పాకుతుంది. ఈ రెండు ముక్కలూ ఆయనకు నెమ్మదిగా చెబితే కాదనరు. దూడల సంగతి తెలిసిన మనిషి కాబట్టే నాలుగు ఈతలు మంచి కోడెలను తీశారు.

ఆ ఆబోతునే ఇంకో వైపు నుంచి చూడండి. దాని రక్తంలో సగం గౌరిదే. సంతలో కొన్న మీ రెండు ఆవులకూ గౌరితో చుట్టరికం లేదు. ఆబోతుకు ముందు రక్తపరీక్ష చేయించి, రోగం లేదని తేలితే ఆ రెంటినీ దానికి దాటించవచ్చు. పుట్టే పెయ్య గౌరికి మనవరాలవుతుంది, నాలుగో వంతు గౌరి వారసత్వం ఉంటుంది. సంతతి తెగిపోయిందని మీరు ఏడుస్తున్నారు, అది రోజూ మీ వీధిలోనే నడుస్తోంది. దాన్ని నిలబెట్టింది నాన్నగారు. ఈ దారిలో ఖర్చు రక్తపరీక్షకే. పెయ్య పుడుతుందా కోడె పుడుతుందా అన్నది మన చేతిలో ఉండదు, ఒకటి రెండు ఈతలు ఓపిక పట్టాలి. ఆ మనవరాలిని పెద్దయ్యాక మళ్లీ అదే ఆబోతుకు దాటించకూడదన్నది మాత్రం రాసి పెట్టుకోండి.

సగం వారసత్వం ఉన్న సొంత కూతురే కావాలంటే, గౌరి తన కడుపున మోయలేకపోతే, అప్పుడు మిగిలేది ఐవీఎఫ్. దాని మీద నాకు గౌరవం ఉంది. 1990లో కర్నాల్‌లో గేదెదూడ ‘ప్రథమ్’ ఈ పద్ధతిలో పుట్టినప్పుడు అది పెద్ద వార్త. ఈ రోజు రైతు కొట్టం దాకా వచ్చింది. గర్భకోశం పాడైనా అండాశయాలు పనిచేస్తుంటే ఆ ఆవు తల్లి కాగలదు. గౌరిలాంటి వాటికి ఇది నిజమైన ఆశ. నాన్నగారు భయపడుతున్నట్టు కోతలు ఉండవు. తోక మొదట్లో మత్తుసూది వేసి, స్కానింగ్‌లో చూస్తూ, సన్నని సూదితో అండాలను బయటికి లాగుతారు. మళ్లీ మళ్లీ చేస్తే అండాశయం చుట్టూ అతుకులు పడవచ్చు, అది దాచకూడదు. తిరుపతిలో 2023లో ఒంగోలు ఆవు కడుపున సాహివాల్ పెయ్య పుట్టింది, అది కూడా పిండమార్పిడే. అద్దె తల్లి రక్తం దూడకు రాదు.

లెక్క మాత్రం ఏజెంటు చెప్పినట్టు ఉండదు. ఒకసారికి పది అండాలు దొరికాయనుకోండి. ఏడు రోజులు ప్రయోగశాలలో పెంచితే మూడు పిండాలు తయారైతే బాగా జరిగినట్టే. ఆ మూడింటినీ మూడు ఆవుల్లో పెడితే ఒక్కటి నిలవడం మామూలు. వయసు మళ్లిన ఆవుకు అండాలు ఇంకా తక్కువ రావచ్చు. నాలుగు చూళ్లు గ్యారంటీ అన్నవాడు, కాకపోతే డబ్బు తిరిగిస్తానని కాగితం మీద రాసిచ్చాడా? రెండు నెలలు దాటాక చూడి పరీక్ష చేసి, నిలిచినదానికే డబ్బు తీసుకుంటాడా? ఏ ఆబోతు వీర్యం వాడతాడో దాని నంబరు చెబుతాడా? పుట్టిన దూడ గౌరిదేనని డీఎన్‌ఏ పరీక్షతో చూపిస్తాడా? ఈ నాలుగింటిలో ఒక్కదానికి నసిగినా నగలు బీరువాలోనే ఉండనివ్వండి. జెర్సీ ఆవులు కొనడం కూడా అనవసరం, మీ రెండు ఒంగోలు ఆవులే మోయగలవు. అయితే ఆ ఏడాది వాటి సొంత దూడలు ఉండవు. పైన చెప్పిన ఆబోతు దారికీ దీనికీ పోటీ వచ్చేది ఇక్కడే, ఒకావును అటూ ఒకావును ఇటూ పెట్టవచ్చు. రాష్ట్రీయ గోకుల్ మిషన్‌లో నిలిచిన ఐవీఎఫ్ చూలుకు 5 వేల రూపాయల సాయం ఉంది. ఏజెంటుకు జవాబు చెప్పేముందు మీ పశుసంవర్ధక శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) గారిని కలవండి. గుంటూరు లాం ఫారం (పశు పరిశోధన కేంద్రం), నెల్లూరు జిల్లా చింతలదేవి కామధేను కేంద్రం, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లతో మాట్లాడండి. మేలుజాతి ఒంగోలు ఆవు గురించి వినడానికి అక్కడ మనుషులున్నారు.

బ్రెజిల్ ఆవు సంగతి ఒక్క మాట. వియాటినా-19 ధర నిజమే. దాని పూర్వీకులు మన నేల నుంచి వెళ్లినవే. 1960ల్లో ఒంగోలు పక్క కరవది నుంచి వెళ్లిన ఆబోతును అక్కడివాళ్లు ఈనాటికీ ‘కర్వాది’ అనే పిలుస్తారు. ఆ ధర వెనక తరతరాల బరువుల లెక్కలు, తల్లిదండ్రుల లెక్కలు, రాసిపెట్టిన పుస్తకాలు ఉన్నాయి. గౌరి తల్లి ఎవరో, దాని తల్లి ఎవరో మీ ఇంట్లో ఏ కాగితం మీదా లేదు. కాబట్టి నాలుగు ఐవీఎఫ్ దూడలు పుట్టినా సంతలో అవి మామూలు ఒంగోలు దూడల ధరే పలుకుతాయి. అప్పు ఆ ధర మీద తీరాలి.

మీ ఆవిడ మాట నిష్ఠూరంగా అనిపించి ఉంటుంది. చూడి కట్టని ఆవు మేత తింటుంటే లెక్క వేసేది ఆవిడే. గౌరిని అమ్మాల్సిన పని లేదు, అమ్మితే ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు. కానీ ఆవిడకు ఒక గడువు చెప్పండి. వైద్యం, రెండు ఎదల విరామం, తర్వాత రెండు ప్రయత్నాలు కలిపి అయిదారు నెలలు. ఈలోగా గౌరి మీద పెట్టే ఖర్చు ఇంతకు మించదని ఒక అంకె ఇద్దరూ కూర్చుని అనుకోండి. గేదె కొనే ఆలోచన ఉంటే ఒక్కదానితో మొదలుపెట్టవచ్చు, దానికి గౌరిని అడ్డం పెట్టక్కర్లేదు.

నాన్నగారి దగ్గరికి ఐవీఎఫ్ మాటతో వెళ్లకండి. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, రాత్రి అన్నాలయ్యాక కొట్టంలో ఆయన మంచం పక్కన కూర్చోండి. గౌరి తల్లి ఏ ఏడాది పుట్టింది, దాన్ని ఏ ఆబోతుకు దాటించారు, తాతగారు మొదటి ఆవును ఎక్కడి నుంచి తోలుకొచ్చారు, ఎవరెవరికి ఎంత పాలుండేవి, మూపురం ఎలా ఉండేది అడగండి. అదంతా ఆయన తలలోనే ఉంది. రాసుకున్నాక గౌరి చెవికున్న పన్నెండంకెల ట్యాగ్ నంబరు పక్కన వేసి, ఐదు ఈతల తేదీలు, ఐదు సూదుల తేదీలు, ఆబోతు నంబర్లు దొరికినన్ని ఎక్కించండి. రేపు లాం ఫారంకు వెళ్లినా, పశువైద్యుడి దగ్గరికి వెళ్లినా వాళ్లు మొదట అడిగేది అదే. అది రాస్తూ రాస్తూ రెండో ఈత దగ్గరికి వచ్చేసరికి ఆబోతు సంగతి ఆయనకే తడుతుంది. మీరు చెప్పక్కర్లేకపోవచ్చు.

చివరి సూదికి ఈ రోజుతో పన్నెండు రోజులన్నారు. అది కూడా నిలవకపోతే మరో తొమ్మిది రోజులకు గౌరి ఎదకు వస్తుంది. ఆ ఎదకు సూది వేయించకండి, తీగ మాత్రం చూడండి. రక్తపరీక్ష ఈ వారంలోనే అయిపోవాలి. ఆ తెల్లవారుజామున టార్చి పట్టుకోవడానికి నాన్నగారిని రమ్మనండి. కొట్టంలోనే పడుకుంటున్నారు కదా, మీకన్నా ముందే లేచి ఉంటారు.